పాత్ర, బీజం, కొసమెరుపు: ఈ మాటలు ఎక్కడివి?

వంటింట్లో ఉండేదీ పాత్రే, కథలో నడిచేదీ పాత్రే. ఈ రెండింటికీ ఒకే మాట ఎందుకు వచ్చింది? నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు దీనికి చక్కటి సమాధానం చెప్పాడు. మద్యం రుచి తాగేవాడికి తెలుస్తుంది గాని, అది పోసిన గిన్నెకు తెలియదు. అలాగే రసాన్ని ఆస్వాదించేది ప్రేక్షకుడు, దాన్ని అతనికి అందించేవాడు నటుడు. అందుకే నటుడు పాత్ర అయ్యాడు. నాటకం నుంచి ఆ మాట కథలోకి వచ్చింది.

ఇతివృత్తం కూడా రంగస్థలం ఇచ్చిన మాటే. ‘ఇలా జరిగింది’ అని దాని అర్థం. నాట్యానికి ఇతివృత్తమే శరీరమన్నాడు నాట్యశాస్త్రం రాసిన భరతుడు. ఆ శరీరాన్ని ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని 5 సంధులుగా విడదీశాడు. కథను నడిపించే అంశాలకు పెట్టిన పేర్లు మన పొలాల్లోనూ చెరువుల్లోనూ కనిపించేవే. మొదట చిన్నగా పడి తర్వాత శాఖలు వేసేది బీజం. తెగిపోతున్న కథను మళ్ళీ కలుపుతూ, నీళ్ళ మీద నూనెచుక్కలా పరుచుకునేది బిందువు.

1910లో వచ్చిన గురజాడ కథ ‘దిద్దుబాటు’ను ఈ మాటలతో చదివి చూడండి. భర్త రాత్రివేళ ఇల్లు విడిచి ఆటపాటలకు పోవడం బీజం. ఇంటికొచ్చేసరికి భార్య కనిపించదు, ఆమె రాసిపెట్టిన ఉత్తరం కనిపిస్తుంది. అక్కడి నుంచి అతనిలో కలవరం, పశ్చాత్తాపం పరుచుకుంటాయి. కథంతా ఒక్క రాత్రిలో, ఒక్క ఇంట్లో ముగుస్తుంది. అయినా బీజం ఫలించడం మన కళ్ళకు కడుతుంది.

ఇంత చిన్న రచనను ఏమని పిలవాలి? వచనంలో చెప్పిన వృత్తాంతాలను పూర్వులు కథ, ఆఖ్యాయిక అని రెండుగా చూశారు. బాణుడి ‘కాదంబరి’ కథ, ‘హర్షచరితం’ ఆఖ్యాయిక. ఈ రెండూ ఒకే జాతివి, పేర్లే వేరని ఆలంకారికుడు దండి వాదించాడు. అగ్నిపురాణం గద్యకావ్యాల్లో కథానికను కూడా చేర్చి, దానికి నడుమ కరుణ, చివర అద్భుతం ఉండాలంది. ఆధునిక కాలంలో చిన్నకథ తెలుగులోకి వచ్చినప్పుడు ఆ పాత పేరే దానికి సరిపోయింది.

నవలకు మాత్రం పాత పేరు దొరకలేదు. 1878లో ‘రాజశేఖర చరిత్రము’ వెలువడడం మొదలైనప్పుడు కందుకూరి వీరేశలింగం దాన్ని వచన ప్రబంధమన్నారు. నవల అనే మాటను ఇచ్చినవారు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి. అది చెవికి ఇంగ్లీషు నావెల్‌లా వినిపిస్తూనే, కొత్త విశేషాలను గ్రహించేదనే సంస్కృత వ్యుత్పత్తికీ నిలుస్తుంది.

పాత్ర ఆలోచనల ప్రవాహంగా కథ చెప్పే పద్ధతికి పెట్టిన చైతన్య స్రవంతి అనే పేరు మరింత దూరం నుంచి వచ్చింది. మనసులోని ఆలోచనలు తునకలుగా ఉండవు, ఏరులా పారుతాయని అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో రాశాడు. ఆ పోలికను సాహిత్యం అందుకుంది. మన దగ్గర నవీన్ నవల ‘అంపశయ్య’ ఆ పద్ధతికి పేరుపడింది.

కథ చివర తళుక్కుమనే మలుపుకు పెట్టిన కొసమెరుపు అచ్చంగా మనం చేసుకున్న మాట. అగ్నిపురాణం చివర ఉండాలన్న అద్భుతానికి ఇంతకన్నా అందమైన తెలుగు లేదు. ‘దిద్దుబాటు’ ముగింపులో మంచం కింద నుంచి వినిపించే భార్య నవ్వు అలాంటి మెరుపే. అప్పటిదాకా చీకట్లో ఉన్నదంతా ఆ ఒక్క నవ్వుతో వెలుగులోకి వస్తుంది.

ఈ పదాలను పరీక్ష కోసం బట్టీ పడితే మార్కులతోనే మరిచిపోతాం. ఈసారి కథ చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: బీజం ఎక్కడ పడింది? ఈ పాత్ర నాకేం అందిస్తోంది? చివరి మెరుపులో కొత్తగా ఏం కనిపించింది? వీటికి సమాధానం వెతుకుతూ చదివితే ఆ కథ మీకు గుర్తుండిపోతుంది.