చిగురు పన్ను

చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. కొండవాలులో జీలుగు చెట్టుకు ఆనించిన వెదురు గడ మీదుగా ఒక మనిషి పైకి ఎక్కుతున్నాడు. గడకు కణుపు కణుపునా కొమ్మ మొదలు జానెడు వదిలి కొట్టారు. అవే మెట్లు. నడుముకు చిన్న కత్తి, భుజాన ఖాళీ సొరబుర్ర. గెల దగ్గరికి చేరగానే ముందు వాసన చూశాడు. రాత్రంతా కారిన కల్లుతో కింద కట్టిన బుర్ర నిండి, మూతి దగ్గర నురగ తేలింది.

అది 1879 మార్చి. గోదావరి జిల్లా, రంప మన్యం. ఈ మనిషికి నేను పేరు పెట్టడం లేదు. ఆ నెలలో అక్కడి ముఠాల్లో, అంటే కొండ ఊళ్ల సముదాయాల్లో, తెల్లారకముందే చెట్టెక్కిన కొండరెడ్డి ఎవరైనా అతనే.

నిండిన బుర్ర విప్పి భుజాన తగిలించుకున్నాడు. గెల కొస మీద కత్తి పెట్టి ఉల్లిపొర మందాన ఒక చెక్కు తీశాడు. మందం ఎక్కువైతే గెల తొందరగా అరిగిపోతుంది. చెక్కు తీయకుండా వదిలేస్తే కోసిన మూతి పూడిపోయి ధార ఆగుతుంది. పొద్దునా సాయంత్రమూ తప్పకుండా కత్తి ఆడాలి. కొత్త చెక్కు కింద చుక్క ఊరడం చూసి ఖాళీ బుర్ర కట్టాడు. ఖాళీ అంటే పూర్తిగా ఖాళీ కాదు. అడుగున నిన్నటి మడ్డి కొంచెం ఉంచాడు. కొత్త కల్లు దాని మీద పడి పొద్దెక్కేలోగా పొంగుతుంది. ఆ మడ్డి ఎంత ఉంచాలి, బుర్ర ఎప్పుడు కడగాలి, ఎప్పుడు కడగకూడదు అన్నది ఏ ఇంటి లెక్క ఆ ఇంటిది. పక్కింటి కల్లు రుచి వేరు, పక్క ఊరి కల్లు రుచి మరీ వేరు.

ఇంట్లో ముసలితల్లికి తీపిది కావాలి. ఆవిడ వాటా చెట్టు దిగగానే పోసెయ్యాలి. తనకు మధ్యాహ్నపు ఘాటు ఇష్టం. రేపటికి అదే కల్లు పులిసి ముక్కు పట్టిస్తుంది, అదీ కొందరికి ఇష్టమే. గెల నుంచి రాలిన తీపి నీటిలో గాలిలోని ఈస్టు, బుర్ర గోడలకు అంటుకున్న ఈస్టు కలిసి చక్కెరను తిని ఆల్కహాలు పుట్టిస్తాయి. పూర్తిగా పొంగిన కల్లు మత్తులో సుమారుగా బీరు పాటిది. రాజమండ్రి దొరలు సీమ నుంచి సీసాల్లో తెప్పించుకునేది ఈ కొండల్లో చెట్టు మీదే తయారవుతుంది, దాన్ని ఎవరి నాలుకకు తగ్గట్టు వాళ్లు మలుచుకుంటారు.

దిగుతుండగా కింద నుంచి కేక వినిపించింది.

“ఒరే రెడ్డీ, కిందికి రారా. ఈ చెట్టు ఎవరిదనుకున్నావ్?”

“మా తాతది దొరా.”

“తాతదీ కాదు, ముత్తాతదీ కాదు. కల్లు పాట పాడుకున్న షావుకారుది. గీసుకోవాలంటే పన్ను కట్టు. తాగాలనుంటే దుకాణానికొచ్చి కొనుక్కో.”

“మా చెట్టు కల్లు మేం కొనుక్కోవడం ఏంటి దొరా? మేం ఎవరికీ అమ్మట్లేదు. ఇంట్లో ముసల్ది ఉంది, పిల్లలున్నారు. గాదెలో సామలు అయిపోతున్నాయి. ఈ రోజుల్లో మా కడుపు నింపేది ఇదే.”

“అదంతా ఠాణాలో చెప్పుకో.”

షావుకారు మనిషి వెనక నిలబడ్డ జవాను చంకలో అప్పటికే ఆ ఊరి కోడి ఒకటి ఉంది.

ఈ మాటలు నేను రాసినవి. ఇందులోని ఫిర్యాదులు మాత్రం ఆ ఏడాది కొండజనం అధికారుల ముందు పెట్టినవే: మన్సబ్‌దారు, కల్లు కాంట్రాక్టరు, పోలీసు.

మన్సబ్‌దారు సంగతి ముందు చెప్పాలి. 1813లో కుంపిణీ రంప జమీందారుతో ఒక ఒప్పందం చేసుకుంది. కొండల్లో శాంతి కాపాడితే చాలు, శిస్తు అక్కర్లేదంది. 1835లో జమీందారు పోయాడు. వారసత్వం తగాదాలన్నీ అయ్యాక 1848లో అతని కొడుకును మన్సబ్‌దారుగా నిలబెట్టారు. ముఠాల పెద్దలైన ముఠాదార్లకు అతను ఏనాడూ గిట్టలేదు. ముఠాల మీద అద్దె పెంచాడు, కట్టెల మీద, మేత మీద కూడా వసూళ్లు పెట్టాడు. వాటన్నిటికంటే జనం కడుపు మండించింది కల్లు మీద వేసిన చిగురు పన్ను. దాని మీదికి సర్కారు ఆబ్కారీ నిబంధనలు వచ్చి పడ్డాయి. ఇంటి వాడకానికైనా సరే, అనుమతి లేకుండా కల్లు గీయకూడదు. గీత హక్కు వేలం పాటలో పాడుకున్న రెంటర్లది. కొండ కింది నుంచి వచ్చిన ఆ రెంటర్లు పాట డబ్బుకు లాభం కలిపి చెట్టు చెట్టునా పిండుకోవడం మొదలుపెట్టారు.

మైదానంలో ఇది ఎవరికీ వింతగా తోచలేదు. ఏలూరు కూడా అప్పట్లో గోదావరి జిల్లాలోదే. ఏలూరు చుట్టూ, తాడేపల్లిగూడెం దారిలో, కొల్లేటి లంకల్లో తాటిచెట్టు ఎక్కేవాడు వేరు, తాగేవాడు వేరు. గీత గౌడుల వృత్తి. మోకు, ముస్తాదు, లొట్టి వాళ్లవి. కల్లు అమ్ముడయ్యే సరుకు కాబట్టి అమ్మేవాడి దగ్గర సర్కారు పన్ను తీసుకుంది. ఆ భారం కొనేవాడి మీద పడింది. ఆబ్కారీ నిబంధనలు రాసినవాళ్ల కళ్ల ముందున్నది ఈ దృశ్యమే. కొండల్లో గీసేవాడూ తాగేవాడూ ఒక్కడే. దుకాణం లేదు, ధర లేదు, బేరం లేదు. ఇంట్లో పెరుగు తోడు పెట్టుకున్నంత సహజంగా జరిగే పని మీద అమ్మకం పన్ను వేశారు. ఈ ఒక్క తేడా పట్టించుకోకపోవడం వల్ల ఎంత రక్తం పారిందో తలచుకుంటే నాకు కోపం వస్తుంది.

జీలుగు వాళ్లకు మత్తు కోసం మాత్రమే కాదు. చేపతోక లాంటి ఆకులున్న ఈ చెట్టు గెల వేయడం తల దగ్గర మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఒక్కో గెలా కిందికి దిగుతూ వస్తుంది. ఆఖరి గెలతో చెట్టు ఆయుష్షు తీరిపోతుంది. ధాన్యం తక్కువైన నెలల్లో కల్లు తాగి పొద్దు గడుపుతారు. మరీ కరువొస్తే చెట్టు నరికి, కాండం లోపలి గుజ్జు దంచి పిండి తీసి జావ కాచుకుంటారు. 1940ల్లో ఈ కొండల్లో తిరిగిన మానవ శాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ కొండరెడ్ల మీద 1945లో ఒక గ్రంథమే ప్రచురించాడు. వాళ్ల జీవితంలో జీలుగుకున్న చోటు ఎంతటిదో అందులో కనిపిస్తుంది. కల్లు కారే రోజుల్లో మగవాళ్ల దినచర్యంతా ఆ చెట్ల చుట్టూనే తిరుగుతుంది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తుల్లో చెట్టు ఒకటి.

అలాంటి చెట్టు కింద నిలబడి జవాను కోడిని చంకన పెట్టుకుంటే ఏమవుతుంది?

మార్చిలోనే అయింది, కల్లు ముమ్మరంగా కారే రోజుల్లో. చోడవరం చుట్టుపక్కల ముఠాల్లో జనం కొండవాలుల మీద గుమిగూడారు. అధికారులు మాట్లాడడానికి వెళితే కల్లు పన్ను మాట ముందుకొచ్చింది. మన్సబ్‌దారు పెట్టే బాధలు చెప్పుకున్నారు. దిగువ వర్తకులు అప్పుల మీద కోర్టు డిక్రీలు తెచ్చి పశువుల్ని తోలుకుపోవడం చెప్పుకున్నారు. కొండ దిగి కోర్టుకు వెళ్లడం తెలియని మనిషి మీద, అతను లేకుండానే తీర్పు వచ్చేది. ఇక బతకలేమని తేలిపోయాక పోలీసుల్ని చంపి చావడమే నయమనుకునే దాకా వచ్చింది పరిస్థితి. ఠాణాల మీద పడ్డారు. చేతికి చిక్కిన కానిస్టేబుళ్లలో కొందరిని చంపేశారు. ఈ భాగం చెప్పకుండా దాటేస్తే కథ అబద్ధమవుతుంది. ఆ కానిస్టేబుళ్లు కూడా చిన్న జీతగాళ్లే.

ముందు నడిచినవాళ్లలో కారం తమ్మన్న దొర పేరు పెద్దది. ద్వారబంధాల చంద్రయ్య ఏప్రిల్‌లో అడ్డతీగల ఠాణాను తగలబెట్టాడు. వేసవి దాటేసరికి నిప్పు గోదావరి పై తట్టున రేకపల్లికి అంటుకుంది. రేకపల్లిని అయిదేళ్ల కిందట, 1874లో, మధ్యపరగణాల నుంచి విడదీసి మద్రాసులో కలిపారు. కలిపాక పోడు మీద పన్ను పెరిగింది. అక్కడ అంబుల్ రెడ్డి లేచాడు. ఇటు విశాఖ జిల్లా గొలుగొండ కొండలూ కదిలాయి. అయిదు వేల చదరపు మైళ్ల మేర సర్కారు మాట చెల్లకుండా పోయింది.

అణచడానికి వచ్చిన బలగం చూస్తే సర్కారు ఎంత బెదిరిందో తెలుస్తుంది. మద్రాసు పదాతి పటాలాలు ఆరు, అశ్వికులు, సాపర్లు, వందల మంది పోలీసులు, హైదరాబాద్ కంటింజెంట్ నుంచి ఇంకో దళం. వీళ్లంతా వచ్చింది కత్తులు, నాటు తుపాకులు పట్టిన పోడు రైతుల మీదికి. జ్వరాలు సిపాయిల్ని మంచాన పడేశాయి. అడవిలో దారి చూపేవాళ్లు దొరకలేదు. అయినా ఏడాదిన్నర పాటు వేటాడారు. చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో చనిపోయాడు. తమ్మన్న దొరను ఆ ఏడాదే కాల్చి చంపారు. అంబుల్ రెడ్డి పట్టుబడ్డాడు. దొరికినవాళ్లలో కొందరిని అండమాన్ పంపారు. కొండ తప్ప ఇంకోటి ఎరగని మనుషుల్ని సముద్రం దాటించారు.

ఇక్కడితో ఆగితే ఇది ఓటమి కథే. కానీ మద్రాసు రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివాన్ రంపకు వచ్చి విచారణ జరిపాక తప్పు ఎవరిదో సర్కారుకే అర్థమైంది. మన్సబ్‌దారును తొలగించారు. ముఠాదార్లకు నేరుగా సన్నదులు (హక్కు పత్రాలు) ఇచ్చారు. చిగురు పన్ను రద్దయింది. ఇంటి వాడకానికి కల్లు గీసుకునే పాత హక్కు కొండవాళ్లకు తిరిగి దక్కింది. ఇంతమందిని చంపిన తర్వాత, ఆ తెల్లవారుజామున చెట్టు దిగుతూ కొండరెడ్డి చెప్పుకున్న మాటనే సర్కారు ఒప్పుకుంది.

తమ్మన్న దొరను చంపిన ఆ 1880లోనే లండన్‌లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్టు పన్ను ఎత్తేసి బీరు మీద సుంకం పెట్టాడు. దాంతోపాటు సొంత ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు లైసెన్సు తీసుకోవాలన్నాడు. అక్కడా పల్లెల్లో ఇంటింటికీ ఒక పాళం ఉండేది. మాల్టు ఇంత, హాప్స్ ఇంత, కిందటిసారి తెట్టు ఇంత అని తల్లి నుంచి కూతురికి వచ్చేది. ఆ లైసెన్సు పోవడానికి 1963 దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలో 1978 అక్టోబరులో కార్టర్ సంతకం పెట్టాకే ఇంటి బీరుకు దేశమంతటా పన్ను మినహాయింపు దొరికింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు. అది అమల్లోకి వచ్చింది 1979 ఫిబ్రవరిలో. రంప తిరుగుబాటుకు సరిగ్గా నూరేళ్లు నిండబోతున్న రోజులు. ఇప్పుడు అమెరికాలో మన పిల్లలు గ్యారేజీలో స్టీలు డేగిసా పెట్టి, తమ నోటికి నచ్చిన పాళం కుదిరేదాకా మళ్లీ మళ్లీ బీరు కాచుకుంటున్నారంటే ఆ చట్టం పుణ్యమే. ఆంధ్రలో అదే పని చేస్తే 1968 నాటి ఎక్సైజు చట్టం కింద కేసవుతుంది.

రంప అనగానే మనకు గుర్తొచ్చేది 1922, అల్లూరి సీతారామరాజు. అది న్యాయమే. అయితే అల్లూరి మన్యం జనానికి మొదట చెప్పిన మాటల్లో తాగుడు మానమన్నది ఒకటి. తాతల కాలంలో కల్లు హక్కు కోసం లేచిన ముఠాలే మనవల కాలంలో కల్లు మానమన్న నాయకుడి వెనక నడిచాయి. ఇందులో నాకు వైరుధ్యం కనబడదు. తాగాలా మానాలా అన్నది తామే తేల్చుకోవాలనుకున్నారు. రెంటరు తేల్చకూడదనుకున్నారు.

స్వతంత్రం వచ్చాక 1975లో కేంద్రం గిరిజన ప్రాంతాల కోసం ఇచ్చిన ఆబ్కారీ మార్గదర్శకాలు ఇదే దారిన నడిచాయి. మద్యం వ్యాపారం ఆపాలి, ఇంటికీ పండగకూ కాచుకునే సంప్రదాయ పానీయాలకు అడ్డు చెప్పకూడదు. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే, నిషేధించే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు నేను ఊహించలేను. రెంటరు చోట బెల్టు షాపు వచ్చిన ఊళ్లలో ఆ కాగితాన్ని బయటికి తీయాల్సింది గ్రామసభే.

షాపు లేకుండానే చెట్టు మీద డబ్బు చూసుకునే దారి కూడా ఒకటుంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయానికి రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో పరిశోధన స్థానం ఉంది. తాటి నీరా మీద అక్కడ చాలాకాలంగా పని చేస్తున్నారు. జీలుగు నీరా, జీలుగు బెల్లం మీద కూడా పరిశీలనలు జరిగాయి. కుండకు లోపల సున్నం పూసి, పులియకుండా పట్టిన నీటిని కాచితే బెల్లమవుతుంది. సంతకు బెల్లం, ఇంటికి కల్లు అనే ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. డబ్బు కావలసినప్పుడు బెల్లం సంతకు పోతుంది. కల్లు మాత్రం ఇంట్లోనే ఉంటుంది, మడ్డి ఎంత ఉంచాలో ఆ ఇంటివాళ్లే చూసుకుంటారు.