పేటపోలి ఉత్తరంలో పంచ్

బాపట్ల జిల్లా నిజాంపట్నం పేరు చెబితే మనకు గుర్తొచ్చేది చేపల రేవు. పండగపూట ఇంట్లో పంచ్ అనే పానీయం పెద్ద గిన్నెడు కలిపి, వచ్చినవాళ్లందరికీ అందులోంచే ముంచి పోసే ఆచారానికి ఈ ఊరితో చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లిష్ ఓడ ఈ తీరానికి వచ్చింది. అప్పటి తెల్లవాళ్ల కాగితాల్లో నిజాంపట్నం పేరు పేటపోలి. ఇక్కడా, మచిలీపట్నంలోనూ ఈస్టిండియా కంపెనీ గుడ్డల బేరానికి వర్తకశాలలు పెట్టింది. 1632 సెప్టెంబరు 28న కంపెనీ కొలువులో ఉన్న రాబర్ట్ ఆడమ్స్, పేటపోలిలోని థామస్ కోలీకి ఉత్తరం రాశాడు. మీరంతా ఒక ఇంటివాళ్లలా చక్కగా కలిసి ఉంటారని ఆశిస్తున్నానంటూ, ఆ వాక్యంలోనే పంచ్ తాగడం గురించీ ఒక ముక్క రాశాడు. పంచ్ అన్న పేరు రాతలో కనిపించిన తొలి సందర్భాల్లో ఇది ముందు వరసలో ఉంది.

నా చూపు మాత్రం పంచ్ దగ్గర కాక ఇంటి దగ్గర ఆగింది. నెలల తరబడి ఓడ ప్రయాణం చేసి వచ్చి, ఆలుబిడ్డలు లేని ఒకే కప్పు కింద బతికే మనుషులు వాళ్లు. స్వదేశం నుంచి తెచ్చుకున్న బీరు దారిలోనే పులిసిపోయేది, ద్రాక్షసారా ఎండకు పాడయ్యేది. ఇక్కడ దొరికింది కల్లు కాచి దించిన సారాయి. ఎన్నాళ్లున్నా చెడదు, కానీ గొంతు మండిస్తుంది. ఆ మంట తగ్గించడానికి నీళ్లు, చక్కెర, నిమ్మరసం పోశారు. పైన జాజికాయ గీరారు. పులుపూ తీపీ సరితూగాక సారాయి పొగరు అణిగింది.

1670ల్లో మన దేశం తిరిగిన వైద్యుడు జాన్ ఫ్రయర్ 1698లో అచ్చయిన తన పుస్తకంలో ఆ పేరును విడమరిచాడు: ఐదు దినుసులు గనక పంచ్. పంచియన్ అనే పీపా నుంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. నేను ఫ్రయర్ పక్షం. శ్రీరామనవమికి బెల్లం, నీళ్లు, మిరియాలు, ఏలకులు కలిపి పానకం పోసే మనకు ఇలాంటి కలయిక కొత్త కాదు. పైగా తెలుగు చెవికి ఆ పేరులో పంచుకోవడం కూడా వినపడుతుంది. అది వ్యుత్పత్తి కాదని తెలుసు, అయినా ఆ గిన్నెకు అంతకన్నా తగిన అర్థం నాకు తోచదు.

ఓడలెక్కి పంచ్ లండన్ చేరింది, అమెరికా చేరింది. 1806లో న్యూయార్క్ రాష్ట్రపు పత్రిక ఒకటి కాక్‌టెయిల్ అంటే ఏమిటో పాఠకులకు చెప్పాల్సి వచ్చింది. అప్పటికి పంచ్ వయసు నూట డెబ్బై ఏళ్ల పైమాటే. కాక్‌టెయిల్ ఎవరి గ్లాసు వారిది, పంచ్ ఇంటిల్లిపాదిదీ.

దాన్ని తన చేతిముద్రగా మార్చుకున్నవాడు నవలాకారుడు చార్లెస్ డికెన్స్. 1847 జనవరిలో ఒక స్నేహితురాలికి తన పద్ధతి ఉత్తరంలో రాసి పంపాడు. పల్చగా తీసిన నిమ్మతొక్కలు, దోసెడు చక్కెర, రమ్ము, కొంచెం బ్రాందీ గిన్నెలో వేసి నిప్పంటించాలి. మూడు నాలుగు నిమిషాలు మండనిచ్చి ఆర్పాలి. అప్పుడు నిమ్మరసం, మరిగే నీళ్లు పోసి మూతపెట్టాలి. అతిథుల కళ్లెదుట ఆ నీలిమంట వెలిగితే గదంతా పండగే కదా! అసలు కీలకం మాత్రం తొక్కలో ఉంది. నిమ్మ సువాసన రసంలో కన్నా తొక్కలోని నూనెలో ఎక్కువ. చక్కెరతో కలిపి నలిపితే ఆ నూనె బయటికి వస్తుంది.

మొన్న సంక్రాంతికి నేను నిప్పు జోలికి పోలేదు. ముందురోజు రాత్రి పది నిమ్మకాయల తొక్కలు, తెల్లభాగం రాకుండా చెక్కి, చక్కెరలో నలిపి మూతపెట్టాను. తెల్లారి మూత తీస్తే వంటిల్లంతా ఘుమఘుమ. రసం పిండి ఆ పాకాన్ని రెండు గిన్నెలకు పంచాను. ఒకదాంట్లో రమ్మూ నీళ్లూ, పిల్లలకూ తాగనివాళ్లకూ రెండోదాంట్లో చల్లారిన టీ డికాక్షన్. త్వరగా కరక్కుండా ఒక్కోదాంట్లో పెద్ద ఐసుగడ్డ వేశాను. జాజికాయ మాత్రం గీరలేదు. చుట్టాలంతా వచ్చి, గిన్నెల చుట్టూ మూగి, ఏమిటిది అని అడిగాక అప్పుడు గీరాను.