చెయ్యి పట్టి దిద్దించిన బడి

కృష్ణా డెల్టాలో క్రైస్తవ విద్య చరిత్ర రాసేవాళ్లంతా బందరు నోబుల్ స్కూలు దగ్గరే మొదలుపెడతారు. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరుకు వచ్చారు. 1843లో నోబుల్ బడి తెరిచాడు. అగ్రకులాల పిల్లల కోసం తెరిచిన ఆ బడిలో తొలినాళ్లలో మాల, మాదిగ పిల్లలకు చోటు లేదు. పైకులాలు మారితే కిందికులాలు వాటంతటవే కదిలొస్తాయని దొరల లెక్క. జరిగింది వేరు. 1859లో రాఘవాపురం మాల నాయకుడు పగోలు వెంకయ్య బెజవాడలో డార్లింగ్ దొరను కలిశాడు, ఆ ఏడే బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత మిషను బడి పల్లెల్లోకి నడిచింది.

మేము మాట్లాడదలచుకున్నది ఆ పల్లె బడిలోని చిన్న తరగతి గురించి. దీన్ని ఎవరూ చరిత్రగా లెక్కించలేదు. హైస్కూళ్లు, కాలేజీలు, దొరల జీవిత చరిత్రలు రాశారు గానీ, ప్రార్థన జరిగే పాకలోనే ఇసుక పరిచి అక్షరాలు దిద్దించిన ఉపదేశి గురించి ఎంతమంది రాశారు?

అక్షరం దిద్దించాలంటే పిల్లవాడి వేలు పట్టుకోవాలి. ఇది చాలా మామూలు విషయంలా కనిపిస్తుంది. కానీ అంటరాని పిల్లవాడి వేలు ఎవరు పట్టుకుంటారు? ఊరి వీధిబడిలో అతనికి ప్రవేశమే లేదు. (ప్రవేశం ఉన్నవాళ్లకైనా ఆ బడి సుఖమేమీ కాదు. గుంజీలు, కోదండాలు అక్కడి బోధనా పద్ధతులే.) 1893లో మద్రాసు ప్రభుత్వం పంచమ విద్యపై ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన పంతులు చెయ్యి చాపలేదు. బొంబాయి రాష్ట్రంలో అంబేడ్కర్ గోనెపట్టా మీద విడిగా కూర్చుని చదువుకున్నదీ ఆ కాలంలోనే. అలాంటప్పుడు పల్లెలో పుట్టి, పల్లెలోనే తిని, పల్లె పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని దిద్దించిన పంతులు చేసింది అక్షరదానం ఒక్కటే కాదు. ఆ పంతుళ్లంతా శాంతమూర్తులనీ మేమనం. బెత్తం వాళ్ల దగ్గరా ఉంది. కానీ ముట్టుకోకుండా విసిరే బెత్తం వేరు, ముట్టుకున్న చేతిలోని బెత్తం వేరు.

చిన్న తరగతికి ఇంకో అవసరమూ ఉంది. కాస్త ఎదిగితే పిల్లవాడు పశువుల వెనక పోతాడు, పాలేరుగా కుదురుతాడు. బడికి దొరికేది ఆ పసితనంలోనే, లేకపోతే రాత్రిపూట లాంతరు కింద. నాట్ల రోజుల్లో తల్లి చేలో ఉంటుంది, చంటిదాన్ని చంకనేసుకునేది అక్క. చెల్లెల్ని కూడా రానిచ్చిన బడికే ఆ అక్క వస్తుంది. చంటిపిల్లలు ఏడ్చే తరగతిని చూసి తనిఖీదారు విసుక్కోవచ్చు. ఆడపిల్ల చదువు మాత్రం ఆ ఏడుపుల మధ్యనే నిలబడింది.

1917 నవంబరులో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. ఆ సభే ఆది ఆంధ్ర అనే పేరును నిలబెట్టింది. సభ జరుగుతున్న రోజుల్లో కనకదుర్గ గుడి మూసేశారు. ఆ ఊళ్లో గుడి తలుపులు అలా ఉంటే, పసిపిల్లకు తెరిచి ఉన్న తలుపు ఎంత విలువైందో వేరే చెప్పాలా?

ఇక పటమట సంగతి. ఒకప్పుడు బెజవాడకు ఆనుకుని ఉన్న పల్లె ఇది. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. పక్కనే ఆటోనగర్, దాన్ని నమ్ముకుని బతికే కూలివాడలు. పసిపిల్లల చదువు నగరంలో ప్రత్యేక విద్యగా స్థిరపడింది స్వాతంత్ర్యం తర్వాతే. మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి శిక్షణ ఇచ్చారు. 1955లో వి. కోటేశ్వరమ్మ విజయవాడలో చిల్డ్రన్స్ మాంటిస్సోరి స్కూలు స్థాపించారు. కాన్వెంట్లూ వచ్చాయి. పటమటలో నిర్మలా కాన్వెంట్ పేరే ఒక రోడ్డుకు, ఒక సెంటరుకు గుర్తయింది. మోకాలెత్తు కుర్చీలు, రంగు బొమ్మలు, ఏడ్చే పిల్లను ఎత్తుకుని ముక్కు తుడిచే టీచరమ్మ. మంచిదే, కాదనం. కానీ ఇదంతా పాశ్చాత్య శిశు మనస్తత్వ శాస్త్రం తెచ్చిన కొత్త వరం అంటే ఒప్పుకోం. శాస్త్రం పేరు తెలియకుండానే పల్లె పంతులమ్మ ఆ ముక్కు తుడిచింది.

తేడా ఎక్కడంటే, అప్పుడు ఆ ఒడి పల్లెలో ఉంది, ఇప్పుడు ఫీజు అవతల ఉంది. వాడ పిల్లకు 1975లో మొదలైన అంగన్‌వాడీ మిగిలింది. 2009 విద్యాహక్కు చట్టం హక్కును ఆరేళ్ల నుంచే లెక్కపెట్టింది. ప్రైవేటు బళ్ల మొదటి తరగతిలో పేదలకు 25 శాతం సీట్లన్నది. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి తీర్పుతో మైనారిటీ బళ్లను చట్టం నుంచే తప్పించింది. దళితుల బాప్తిస్మాలతో పెరిగిన సంఘం మైనారిటీ హోదా పొందింది. ఆ హోదాతో నడిచే బళ్లు దళితుల పిల్లకు సీటు ఇవ్వాలన్న నిర్బంధం మాత్రం పోయింది!

సీటు దొరికినా అప్లికేషన్ ఫారంలో ఒక గడి ఉంటుంది: మతం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాల షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1970 నుంచి బి.సి. 'సి' కింద అతనికి 1 శాతం. అందుకే ఆదివారం చర్చికెళ్లే తల్లి, సోమవారం క్రైస్తవ బడిలో, క్రీస్తు పటం కిందే, ఆ గడిలో 'హిందూ' అని రాయిస్తుంది. పిల్ల లోపల ప్రార్థన నేర్చుకుంటుంది. గుమస్తా రాసిన ఆ మాట పదో తరగతి సర్టిఫికెట్ దాకా, ఉద్యోగం దాకా వెంట వస్తుంది. రేపు ఎవరైనా ఆమె కులం మీద కేసు వేస్తే, సాక్ష్యంగా తెప్పించేదీ ఆ చిన్న తరగతి అడ్మిషన్ రిజిస్టరునే.