తుమ్మలపల్లె యురేనియం: టన్ను రాయి తవ్వితే దొరికేది అరకిలో లోపే.. మరి మిగతాదంతా ఎక్కడికి?

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె.. పులివెందులకు దగ్గర్లోని చిన్న ఊరు. 2011లో ఈ పేరు దేశమంతా మార్మోగింది. ఇక్కడ 49 వేల టన్నుల యురేనియం ఖాయంగా ఉందని, అది లక్షన్నర టన్నుల దాకా పెరగొచ్చని అప్పటి అణుశక్తి కమిషన్ ఛైర్మన్ శ్రీకుమార్ బెనర్జీ చెప్పారు. వినడానికి భారీ లెక్కే. అసలు మెలిక మాత్రం రాయిలో ఉంది.

ఇక్కడి ఖనిజంలో యురేనియం దాదాపు 0.04 శాతమే. అంటే టన్ను రాయికి 400 గ్రాములు. అందులోనూ రియాక్టర్‌లో తేలిగ్గా చీలిపోయి వేడినిచ్చే యురేనియం-235 వాటా 0.7 శాతం, అంటే మూడు గ్రాముల లోపు!

ఇంతకీ ఏంటీ యురేనియం? వెండిలా మెరిసే లోహం, పరమాణు సంఖ్య 92. లీటరు డబ్బా సైజు ముద్ద 19 కిలోలు తూగుతుంది. అదే సైజు సీసం 11 కిలోలే. 1789లో జర్మనీ శాస్త్రవేత్త క్లాప్రోత్ దీన్ని గుర్తించి, అప్పటికి కొత్తగా కనిపెట్టిన యురేనస్ గ్రహం పేరు పెట్టారు. చాలాకాలం గాజుకు పసుపు, ఆకుపచ్చ రంగు రావడానికే వాడారు. దీని నుంచి కిరణాలు వస్తాయని 1896లో గానీ తెలియలేదు. ఇప్పుడు ప్రధాన వాడకం కరెంటు ఉత్పత్తికే. అణుబాంబుల సంగతి సరేసరి. 235 తీసేశాక మిగిలిన బరువైన లోహంతో కొన్ని దేశాలు ట్యాంకులను ఛేదించే గుళ్లు చేస్తున్నాయి.

తుమ్మలపల్లెలో యురేనియం సున్నపురాయి జాతికి చెందిన రాయిలో ఉంటుంది. యాసిడ్ పోస్తే ఆ రాయే యాసిడ్‌ని తాగేస్తుంది. అందుకే యూసీఐఎల్ ప్లాంట్‌లో రాయిని పొడిచేసి, సోడియం కార్బొనేట్ లాంటి క్షారాలతో ఎక్కువ వేడి, ఒత్తిడిలో యురేనియాన్ని కరిగిస్తారు. చివరికి వచ్చే పసుపు పొడి హైదరాబాద్‌లోని ఎన్‌ఎఫ్‌సీలో ఇంధన బిళ్లలుగా మారుతుంది.

ప్లాంట్ సామర్థ్యం రోజుకు 3 వేల టన్నుల ఖనిజం. లెక్కేస్తే అందులో యురేనియం టన్నుకు కాస్త ఎక్కువ, అంతే. మిగతాదంతా బురదగా టెయిలింగ్ పాండ్‌కి చేరుతుంది. సోడియం లవణాలు, రేడియం వంటివి అందులోనే ఉండిపోతాయి. గొడవంతా ఇక్కడే. పాండ్ నీరు భూమిలోకి ఇంకి బోర్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులూ ఇచ్చింది. తమ వల్ల కాలుష్యం లేదన్నది యూసీఐఎల్ వాదన.

భూగర్భ జలాల్లో యురేనియం సహజంగానూ ఉంటుంది. అందుకే గని రాకముందు ఆ బోర్లలో ఎంత ఉందన్న లెక్కే కీలకం. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలామంది క్యాన్సర్‌కి భయపడతారు గానీ, నీటిలోని యురేనియం ముందు దెబ్బతీసేది కిడ్నీలనే. నీళ్లు కాచితే ఇది పోదు, ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టర్ మాత్రం చాలావరకు తీసేస్తుంది.