సొంతూళ్లో విదేశీయులు: మాచర్లకు తిరిగొచ్చిన ఓసీఐ వృద్ధులు, 2007 చట్టం

గుంటూరు జిల్లా వలసల గురించి రాసినవాళ్లు డాలరు వెంట నడిచారు. ఆ డాలరు పంపిన మనిషి ముసలివాడై తిరిగొస్తే ఏమవుతాడో ఆగి చూడలేదు. ఈ వ్యాసానికి పురిగొల్పింది ఆ అసంతృప్తే.

బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం కలిసి నడిపిన ప్రొవిన్షియల్ గ్లోబలైజేషన్ పరిశోధన కోస్తాంధ్రను, గుజరాత్‌ను, కర్ణాటకను పక్కపక్కన పెట్టి చూసింది. క్యారల్ ఉపాధ్య, మారియో రుటెన్, లియా కోస్కిమాకి సంపాదకులుగా 2018లో వ్యాససంపుటి వచ్చింది. ఆ బృందంలోని సనమ్ రూహీ గుంటూరు ప్రవాసుల దాతృత్వం మీద, ఆ దాతృత్వం కులాన్ని సముద్రాలు దాటించిన తీరు మీద రాసింది. నా పేచీ ముఖ్యంగా ఆమెతోనే. కులం గురించి ఆమె చెప్పినదాన్ని నేను కాదనను. అయితే ఆమె కథలో నాయకుడు దాత. చేతిలో డబ్బున్నవాడు, ఊళ్లో మాట చెల్లేవాడు, శిలాఫలకం మీద పేరెక్కినవాడు. ఆ దాతకే డెబ్బై అయిదేళ్లొచ్చి, భార్య పోయి, ఊరికొచ్చి స్థిరపడితే తన ఇంటి మీద తనకెంత అధికారం మిగులుతుందన్న ప్రశ్న ఆ చట్రంలో ఇమడదు. పుచ్చుకునే దశకు చేరిన దాతకు అక్కడ చోటు లేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఈ రచనలు చదువుతుంటే గుంటూరు జిల్లాగా కళ్లముందు కదిలేది డెల్టాయే. పల్నాడు అంచున ఎక్కడో మసకగా కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. నాపరాయి, సిమెంటు, మిరప అంటే మాచర్ల గుర్తుకొస్తుంది గాని అమెరికా అంటే గుర్తురాదు. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్లొచ్చాక, కాలువ అందిన ఊళ్లలో మెట్ట మాగాణి అయింది. మాగాణి ఉన్న ఇళ్ల నుంచి కొందరు గుంటూరు మెడికల్ కాలేజీ దాకా వెళ్లారు. అమెరికా 1965లో వలస చట్టం మార్చి తలుపు తీసింది. అప్పుడు వెళ్లిన వైద్యుల తరం ఈనాడు డెబ్బై దాటింది. తొంభైలలో హెచ్-1బి మీద వెళ్లిన ఇంజనీర్లలో ముందువాళ్లకూ అరవై దగ్గర పడుతోంది. వీళ్లలో తిరిగొచ్చేవాళ్ల సంఖ్య ఎంతన్నది కాదు నా ప్రశ్న. వచ్చినవాడు చట్టం కళ్లకు ఎవరుగా కనబడతాడన్నదే ప్రశ్న.

1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా వేరే దేశపు పౌరసత్వం తీసుకున్ననాడే భారత పౌరసత్వం పోతుంది. ఆ లోటు పూడ్చడానికని తెచ్చిన ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డును 2006 జనవరిలో మన హైదరాబాదులోనే, ప్రవాసీ భారతీయ దివస్ వేదిక మీద ప్రారంభించారు. అది జీవితకాలపు వీసా, అంతే. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగంలో సమానావకాశం లేదు. 7బి సెక్షన్‌లోని ఈ సంగతులు అందరికీ తెలిసినవే. ముసలివాడికి వాటితో పెద్దగా పనీ లేదు. అతనికి పని పడేది తహసీల్దారు కచేరీతో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుతో, ఆర్డీవోతో. పరాయితనం శంషాబాద్ విమానాశ్రయంలో కాదు, ఇక్కడ తగులుతుంది.

పొలం సంగతే చూద్దాం. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) కింద 2019 అక్టోబరులో వచ్చిన నాన్-డెట్ నిబంధనల్లో 24వ నిబంధన ప్రకారం ఓసీఐ కార్డుదారు వ్యవసాయ భూమి కొనకూడదు, దానంగానూ పుచ్చుకోకూడదు. వారసత్వంగా రావచ్చు. తండ్రి బతికుండగానే పిల్లలకు దాన సెటిల్మెంట్ రాసి, పాసుపుస్తకాలు విడగొట్టి, తగాదా లేకుండా కళ్లు మూసుకోవాలనుకోవడం పల్నాడులో ఇంటింటి రివాజు. అమెరికా పౌరుడైన కొడుక్కి ఆ రివాజు చెల్లదు. ఒక దస్తావేజు లేఖరి దగ్గర కూర్చున్నప్పుడు విన్న మాటలివి:

"మీ చిన్నబ్బాయికి దానం కుదరదండీ పెద్దాయనా, వీలునామా రాయించండి."

"అంటే నేను చస్తేగాని వాడికి ఎకరం రాదంటావు."

వీలునామా అంటే తండ్రి పోయాక అన్నదమ్ములు ఒప్పుకోవాలి. అడంగల్‌లో పేరు అన్నదే ఉంటుంది, కౌలు అన్నే తీసుకుంటూ ఉంటాడు. పరాయి పాస్‌పోర్టు ఉన్న తమ్ముడు తిరిగొచ్చేసరికి చేలో అతనికి మిగిలేది వాదన.

ఇందులో పండితులెవరూ పట్టించుకోని చిక్కుముడి ఒకటుంది. అదే ఫెమా చట్టం 2(వి) సెక్షన్ నివాసాన్ని పౌరసత్వంతో కాక ఉనికితో, ఉద్దేశంతో కొలుస్తుంది. ఇక ఎన్నాళ్లన్నది తేల్చుకోకుండా ఉండిపోదామని వచ్చి, 182 రోజుల షరతు దాటినవాడు ఆ చట్టం దృష్టిలో భారత నివాసే. 2019 నిబంధనలు ఓసీఐ అన్నప్పుడు విదేశంలో నివసించే ఓసీఐ అనే నిర్వచించాయి. అంటే మాచర్లలో స్థిరపడిపోయినవాడికి 24వ నిబంధన అడ్డు రాకూడదు. కానీ 2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ పౌరసత్వ చట్టం కింద ఇచ్చిన ప్రకటన, ఓసీఐకి స్థిరాస్తి విషయంలో ఇచ్చిన హక్కు నుంచి వ్యవసాయ భూమిని, ఫామ్‌హౌస్‌ను, తోటలను మినహాయించింది. దానిలో ఎక్కడ నివసిస్తున్నాడన్న ఊసు లేదు. ఒక చట్టం రోజులు లెక్కపెడుతుంది, ఇంకోటి పాస్‌పోర్టు రంగు చూస్తుంది. ఈ రెంటి మధ్య పడినవాడికి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర జవాబు చెప్పే నాథుడు లేడు. ఆధార్‌దీ దాదాపు అదే తీరు. గడిచిన పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉంటేనే ఓసీఐకి ఆధార్. అందాకా గ్యాస్ బుక్కుకీ సిమ్ కార్డుకీ బావమరిదే దిక్కు.

పొలం పోతే పోయింది, అతనికి కావలసింది ఇల్లు. అసలు విషయం అక్కడుంది.

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. వృద్ధుల విషయంలో దేశంలో ఇంత చేతికందే చట్టం ఇంకోటి లేదు. సివిల్ కోర్టుకెళ్లి ఏళ్ల తరబడి తిరగనక్కరలేదు. మాచర్ల గురజాల రెవెన్యూ డివిజన్‌లో ఉంది కనుక గురజాల ఆర్డీవో దగ్గరి ట్రైబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. అప్పీలు నరసరావుపేటలో కలెక్టరుకు. పోషణ అర్జీని నోటీసు ఇచ్చిన తొంభై రోజుల్లో తేల్చాలి. కారణాలు రాసి ఇంకో ముప్పై రోజులు పొడిగించుకోవచ్చు. నెలకు పదివేలకు మించి ఇప్పించలేరన్నది దీనిలో వెలితే. ఆ పరిమితి తీసేద్దామని 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు. అయినా ఈ చట్టంలో ప్రాణమంతా 23వ సెక్షన్‌లో ఉంది. బాగా చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక పుచ్చుకున్నవాడు చూడకపోతే, ఆ దస్తావేజు మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నదిగా భావించి రద్దు చేయించుకునే అవకాశం రాసినవారికి ఉంటుంది. షరతు ఉందని తేలాలని సుప్రీంకోర్టు 2022లో సుదేశ్ ఛికారా కేసులో గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, చట్టం ఉద్దేశాన్ని బట్టి ఉదారంగా చదవాలంది. న్యాయశాస్త్ర వ్యాసాలు ఈ రెండు తీర్పుల మధ్య దూరాన్ని కొలుస్తున్నాయి. గుమ్మం దగ్గరే ఆగిపోయినవాడి సంగతి వాటిలో లేదు.

ఆ గుమ్మం 2(హెచ్) సెక్షన్. అరవై ఏళ్లు నిండిన భారత పౌరుడే ఈ చట్టానికి వయోవృద్ధుడు. అరవై నిండితే చాలదు, పౌరుడై ఉండాలి. 23వ సెక్షన్ రక్షణ ఇచ్చేది ఆ వయోవృద్ధుడికే. పిల్లల్లేని వృద్ధుడు తన ఆస్తి అనుభవిస్తున్న, లేదా తన తర్వాత దానికి వారసులు కాబోయే బంధువుల నుంచి పోషణ కోరే 4వ సెక్షన్ మార్గమూ అతనికే. పైగా ఈ చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుందని మొదటి సెక్షనే చెబుతోంది. డాలస్‌లో ఉన్న భారత పౌరుడికి వర్తించే చట్టం మాచర్ల మెయిన్ రోడ్డులో ఉన్న అమెరికా పౌరుడికి వర్తించదు. అతను పుట్టింది ఆ వీధిలోనే. రేపు కాటికి వెళ్లేదీ ఆ దారినే.

మాచర్ల పరిసరాల్లో నేను కలిసిన ఒక విశ్రాంత వైద్యుడు దీనికి ఉదాహరణ. సంతానం లేదు. అన్నగారి కొడుకు చూసుకుంటానన్నాడని, కట్టుకున్న ఇల్లు అతని పేర దాన సెటిల్మెంట్ చేశాడు. ఇంట్లో గొడవేమీ లేదు. అన్నం వేళకే పెడుతున్నారు. చట్టం సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది ఇది: "నేను వాణ్ణి కోర్టుకి లాగుతానా? లాగను. కానీ బాబాయి లాగగలడని వాడికి తెలిసుండాలి గదా." వృద్ధుల చట్టాలన్నిటి సారం ఇదే. అవి అర్జీల్లో కన్నా బెదురులో ఎక్కువ పనిచేస్తాయి. ఆ బెదురు ఓసీఐ వృద్ధుడి చేతిలో లేదు. రూహీ దాత దగ్గర చూసిన పలుకుబడి ఈ వైద్యుడి గదిలో ఎక్కడుందో వెతకాలి.

దీన్ని అమెరికా వైపు నుంచి తిప్పి చూస్తే ఇంకా విడ్డూరంగా ఉంటుంది. కొడుకు గ్రీన్ కార్డు తెప్పించి తల్లిదండ్రులను అక్కడికి తీసుకెళితే ఐ-864 అన్న పోషణ హామీ మీద సంతకం పెడతాడు. వాళ్ల బతుకు ఆ దేశపు పేదరికపు కొలతకు 125 శాతం కన్నా దిగకుండా చూస్తానన్న ఒప్పందమది. 1996 చట్టం తర్వాత దానికి కోర్టులో అమలు చేయించుకునే బలం వచ్చింది. ఆ తల్లి పౌరురాలయ్యేదాకానో, నలభై త్రైమాసికాల పని లెక్క పూర్తయ్యేదాకానో ఆ బాధ్యత కొడుకును వదలదు. అంటే న్యూజెర్సీలో పరాయి పౌరురాలైన మాచర్ల తల్లికి కొడుకు సంతకం ఒక హక్కు. మాచర్లలో పరాయి పౌరుడైన మాచర్ల బాబాయికి అన్న కొడుకు మాట ఒక దయ. ఆ తల్లికి అక్కడ అన్నీ అమిరాయని కాదు. అక్కడి వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కొనుక్కోవడానికైనా అయిదేళ్లు ఎడతెగకుండా ఉండాలి, ఆ అయిదేళ్లూ జబ్బు చేయకూడదు. అయినా ఆమెకు ఒక కాగితం ఉంది.

మిగతా చిక్కులు ఊళ్లో చెప్పుకునేవే కనుక క్లుప్తంగా దాటేస్తాను. ఇక్కడ చేసే వైద్యానికి మెడికేర్ పైసా ఇవ్వదు. పార్ట్-బి మానుకుని మళ్లీ వెళ్లి చేరితే మానుకున్న ప్రతి పన్నెండు నెలలకు పది శాతం జరిమానా. సోషల్ సెక్యూరిటీ పింఛను ఇక్కడికీ వస్తుంది. కానీ బతికున్నామని చెప్పే 7162 ఫారం పోస్టులో వస్తుంది, నింపి పంపకపోతే డబ్బు ఆగిపోతుంది. రెండు దేశాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం లేదు కనుక అక్కడ పదేళ్లు నిండకుండా వచ్చినవాడు కట్టింది కట్టినట్టే.

ఇదంతా కలిపి చూస్తే, వలస మీది పల్నాటి సాహిత్యంలో ఇప్పటిదాకా లేని ఒక మాట అనవలసి వస్తుంది. ఈ నేలకు తిరిగి రావడం ఎప్పుడూ హక్కుగా దొరకలేదు. పల్నాటి వీరగాథలో, కోడిపందెంలో ఓడి ఏడేళ్లు వలస వెళ్లిన మాచర్ల మలిదేవుడి పక్షం గడువు తీరాక రాజ్యం అడిగితే గురజాల ఇవ్వనంది. వాళ్ల తరఫున వెళ్లిన అలరాజు రాయబారం అతని చావుతోనే ముగిసిందని పల్నాటి పిల్లలు కూడా చెబుతారు. వెళ్లినవాడి వాటా ఉన్నవాడి అనుభవంలో కరిగిపోవడం ఇక్కడ పన్నెండో శతాబ్దం నుంచీ ఉన్న ధర్మమని, 2(హెచ్) సెక్షన్ తెలియకుండానే ఆ ధర్మానికి ముద్ర వేసిందని నా వాదన. ప్రవాసుల డబ్బు ఊళ్లను మార్చిందన్న సిద్ధాంతానికి ఇది ఎదురు సిద్ధాంతం. ఊరే ప్రవాసులను ఆస్తి లేనివాళ్లుగా మారుస్తోంది.

తల్లిదండ్రుల నిర్వచనంలో పౌరసత్వపు షరతు లేదని, కన్నపిల్లలున్నవాడు వాళ్ల మీద ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చని, సివిల్ కోర్టు తలుపులు ఎటూ తెరిచే ఉన్నాయని కొందరు న్యాయవాద మిత్రులు అన్నారు. ఆ పిల్లలు కాలిఫోర్నియాలో ఉంటే ఆ ఉత్తర్వును అమలు చేసేదెవరో వాళ్లూ చెప్పలేకపోయారు. అయిదేళ్లు ఓసీఐగా ఉండి, ఏడాది ఇక్కడ నివసిస్తే 5(1)(జి) సెక్షన్ కింద పౌరసత్వం తిరిగి కోరవచ్చన్నదీ నిజమే. నేను మాట్లాడిన వాళ్లెవరూ అటు చూడలేదు. అమెరికా పాస్‌పోర్టు వదిలితే మనవల పెళ్లికి వీసా కోసం క్యూలో నిలబడాలి.

చేయవలసింది పెద్దదేమీ కాదు. 2(హెచ్) సెక్షన్‌లో భారత పౌరుడు అన్నచోట, భారతదేశంలో నివసిస్తున్న ఓసీఐ కార్డుదారు అన్న మాట కూడా చేర్చాలి. రాష్ట్రం నుంచి వెళ్లిన ఎంపీలు ఇది అడగాలి. ప్రవాసుల సభలకు వెళ్లి శాలువాలు కప్పించుకునేటప్పుడైనా అడగాలి. అది జరిగేదాకా, తిరిగొచ్చి ఇల్లు ఎవరి పేరనో పెడదామనుకుంటున్నవారికి ఒక్క మాట. ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు బతికున్నన్నాళ్లూ మీకే ఉంటాయని దస్తావేజులో రాయించండి. పోషణ షరతును, తప్పితే దానం రద్దవుతుందన్న మాటను విడిగా స్పష్టంగా పెట్టించండి. 23వ సెక్షన్‌ను నమ్ముకుని సంతకం చేయకండి, అది మీది కాదు.