తెలుగు పుటల తయారీ: సిబ్బందికి ఏం నేర్పాలి?

సింగపూర్‌లో ప్రచురణ రంగంలో పనిచేస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచీ, సంఘాల సంచికలు వేసే మిత్రులు నన్నడిగే ప్రశ్న ఒకటే: "పేజ్‌మేకర్ ఫైలుంది, దాన్ని వెబ్‌లో పెట్టడం ఎలా?" ఇది ఒక్క సాఫ్ట్‌వేరు కొంటే తేలే వ్యవహారం కాదు. టైపు చేసేవారి దగ్గర్నుంచి ప్రూఫులు దిద్దేవారి దాకా పని వరసే మారాలి. ఈ పనిలో ఉన్న మన పాఠకులకు ఉపయోగపడుతుందని నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందుగా అసలు చిక్కేమిటో చూద్దాం. 1990లలో మన డీటీపీ కేంద్రాలు అను, శ్రీలిపి వంటి ఫాంట్ల మీద నడిచాయి. తెర మీద కనిపించేది తెలుగే గాని, ఫైలులో ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలే! యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా ముద్రణ వైపు మార్పు ఆలస్యమైంది, ఎందుకంటే పేజ్‌మేకర్‌కు తెలుగు యూనికోడ్ చేతకాదు. అడోబీ భారతీయ లిపులకు మద్దతు ఇచ్చింది 2012 నాటి ఇన్‌డిజైన్ సీఎస్6లో. అందులోనూ వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. కొత్తవారు తెలుగు ఫైలు తెరిస్తే నేను మొదట చూపించేది ఈ ఒక్క మీటే.

ఈ విషయంలో తమిళులు మనకన్నా ముందే మేల్కొన్నారని ఒప్పుకోవాలి. తమిళనెట్ 97 సదస్సు 1997లో ఇక్కడే, సింగపూర్‌లోనే జరిగింది. ఆ ప్రయత్నానికి ముందు నిలిచిన నా. గోవిందసామి ఇక్కడి అధ్యాపకుడు, రచయిత. తమిళం ఇక్కడ అధికార భాష కాబట్టి వారికి ప్రభుత్వం అండ ఉంది, నిజమే. కానీ రచయితలూ, ఇంజనీర్లూ ఒకే గదిలో కూర్చోవటానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు కదా!

శిక్షణలో మొదటి పూట నేను ఏ సాఫ్ట్‌వేరూ తెరవను. శీర్షిక, రచయిత పేరు, ఉపశీర్షిక, పద్యం, పాదసూచిక: వ్యాసం ప్రింటు తీసి, ఏది ఏమిటో పెన్సిలుతో గుర్తు పెట్టమంటాను. తర్వాత ఆ గుర్తులే స్టైల్స్ అవుతాయి. శీర్షికను బోల్డు చేసి సైజు పెంచితే కంటికి శీర్షికే గాని, కంప్యూటరుకు అది మామూలు వాక్యం. స్టైల్ పెడితే అదే ఫైలు నుంచి అచ్చుకు పీడీఎఫ్, ఫోనుకు ఈపబ్, వెబ్‌కు హెచ్‌టీఎంఎల్ తీయవచ్చు. ప్రచురణ సంస్థలు వాడే ఎక్స్‌ఎంఎల్ వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే.

తెలుగుకు ప్రత్యేకమైన పాఠం ఇంకొకటుంది. "సింగపూర్‌లో" అని రాయాలంటే పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి, జీరో విడ్త్ నాన్ జాయినర్, పడాలి. లేకపోతే "సింగపూర్లో" అయి కూర్చుంటుంది. ఒకరు పెట్టి ఇంకొకరు పెట్టకపోతే వెతికినప్పుడు సగం దొరకవు. మా దగ్గర దీనికి ఒక నియమం రాసి గోడకు అంటించాం. ఎవరైనా నవ్వితే నవ్వనీండి.

అన్నిటికన్నా కష్టం వేళ్ళ అలవాటు. ఇరవై ఏళ్ళుగా యాపిల్ కీబోర్డు అమరికలో కొట్టినవారిని ఇన్‌స్క్రిప్ట్‌కు మారమంటే, వారం పాటు నిమిషానికి పది మాటలు కూడా పడవు. నా సలహా: మార్చవద్దు. అదే అమరికలో యూనికోడ్ కొట్టే పద్ధతులున్నాయి, అవి పెట్టివ్వండి. మనిషి అనుభవం కీబోర్డులో లేదు, ప్రూఫు పట్టే కంటిలో ఉంది.

ఇక పాత సంచికల మాట. సింగపూర్ తెలుగు సమాజం మొదలైంది 1975లో. అంత వయసున్న సంఘాల జ్ఞాపకాలు చాలావరకు ఇలాంటి సంచికల్లోనే ఉంటాయి. సీడీలు చెడిపోతున్నాయి, ఫాంట్లు మాయమవుతున్నాయి. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి గాని, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర తడబడతాయి. పేజీ పేజీ మనిషి చదవాల్సిందే. మీ సంచిక వేసిన ప్రెస్సులో మూల ఫైళ్ళు ఇంకా ఉంటే, ఫాంట్లతో సహా ఈ నెలలోనే కాపీ తెచ్చుకోండి. ఫైళ్ళు పోతే అచ్చు ప్రతిని స్కాన్ చేయించండి, చదివి దిద్దటానికి ఇద్దరు పెద్దవారిని ఒప్పించండి.