ఇంటర్వ్యూ, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల (చరిత్ర)

పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలలో సీనియర్ ఇంజినీరు ఉద్యోగము కోరువారిని ముందు ఫోనుమీదను, తరువాత నాలుగైదు రౌండ్లలో వేర్వేరు ఇంజినీర్లు విడివిడిగాను పరీక్షించి, తమ అభిప్రాయములను వ్రాసి సమర్పించగా, వానినన్నిటిని సమన్వయించి నిర్ణయము చేయు పద్ధతికి ఇంటర్వ్యూ అని వ్యవహారము. ఈ పదవి గూగుల్‌లో ఎల్5, అమెజాన్‌లో ఎల్6 అను శ్రేణులకు సరిపోవును.

పనివానిచేత పని చేయించి చూచి కుదుర్చుకొనుట అనాదిగా ఉన్న ఆచారము. పనికి బదులు ప్రశ్నలతో కొలుచుటయు గలదు: 1921లో థామస్ ఎడిసన్ ఉద్యోగార్థులకు నూటికి పైబడిన ప్రశ్నల పట్టిక నిచ్చి పరీక్షించెను.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట అను వృత్తి 1950లలో రూపు దాల్చుచుండగా, దానియందు అనుభవము గలవారే మిక్కిలి అరుదగుటచే, చేసిన పనిని గూర్చి యడుగుటకు వీలులేక, నేర్వగల శక్తిని కొలువవలసి వచ్చెను. ఐ.బి.ఎం. సంస్థ 1955 ప్రాంతమున రూపొందించిన ప్రోగ్రామర్ ఆప్టిట్యూడ్ టెస్టు అట్టి కొలబద్ద. అక్షరముల వరుసలో తరువాతి అక్షరమేది, ఈ ఆకృతికి సాటియైన ఆకృతి యేది అను ప్రశ్నలును, కొన్ని అంకగణిత సమస్యలును దానియందుండెను.

ఇదే కాలమున కాలిఫోర్నియాలోని మౌంటెన్‌వ్యూలో విలియం షాక్లీ తన సెమీకండక్టరు ప్రయోగశాలకు మనుష్యులను సమకూర్చుకొనుచుండెను. ట్రాన్సిస్టరు పరిశోధనకుగాను 1956లో నోబెల్ బహుమానమును పంచుకొన్న ఈ మహామేధావి, స్టాప్‌వాచి చేతబట్టి చిక్కుప్రశ్నలు వేసెడివాడు. 1957లో జిమ్ గిబ్బన్స్ అను యువకుని, 127 మంది ఆటగాండ్రున్న టెన్నిస్ పోటీలో విజేత తేలుటకు ఎన్ని ఆటలు జరుగవలెనని యడుగగా, ఆతడు తడుముకొనక 126 అనెను. ఒక్కొక్క ఆటలో ఒక్కడే ఓడును. విజేత తప్ప తక్కిన 126 మందియు ఓడవలెను గనుక ఆటలును అన్నియే. ఇంత సొగసైన తర్కమును వినియు షాక్లీ సంతోషింపక, తాను పోటీలో ఓడినట్లు నొచ్చుకొనెనట. ఇంత జాగరూకతతో ఏర్చుకొన్నవారిలో ఎనమండుగురు ఆ సంవత్సరముననే ఆయనను విడిచి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టరు సంస్థను స్థాపించిరి. మనిషిని ఎన్నుకొనుట వేరు, నిలుపుకొనుట వేరు.

చిక్కుప్రశ్నల సంప్రదాయమును మైక్రోసాఫ్ట్ స్వీకరించి పెంచెను. వీథులలోని మ్యాన్‌హోల్ మూతలు గుండ్రముగా నేల యుండును అను ప్రశ్న ఆ సంస్థ పేరుతోనే లోకప్రసిద్ధమైనది. అయినను, హైదరాబాదున జన్మించి తరువాత ఆ సంస్థకే అధిపతియైన సత్య నాదెళ్ల 1992లో ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు, దినమంతయు సాంకేతిక ప్రశ్నలు ముగిసిన పిమ్మట, వీథిలో పసిపాప పడి యేడ్చుచుండుట చూచినచో ఏమి చేయుదువని ఇంటర్వ్యూ చేయుచున్న రిచర్డ్ టెయిట్ అడిగెను. అత్యవసర సేవయైన 911కు ఫోను చేయుదునని నాదెళ్ల ప్రత్యుత్తరము. పాపను ఎత్తుకొనవలెను గదా, కొంచెము సానుభూతి కావలెనని టెయిట్ మందలించెను. ఇంటర్వ్యూల చరిత్రలో ఇంతకంటె ఉత్తమమైన ప్రశ్న కానరాదు.

2004లో గూగుల్ సంస్థ సిలికాన్ వ్యాలీ రహదారి ప్రక్కన, తన పేరు లేకయే, ఒక ప్రకటనఫలకము నిలిపెను. ఇ అను గణిత స్థిరాంకపు దశాంశములలో మొట్టమొదట కనబడు పదంకెల ప్రధానసంఖ్య, అనగా 7427466391, కనుగొన్నవారికి వెబ్‌సైటు చిరునామా దొరకును; అచ్చటి రెండవ సమస్యను సాధించినవారికి ఉద్యోగమునకు దరఖాస్తు చేయుమని ఆహ్వానము. కాని ఆ సంస్థలోనే మానవవనరుల విభాగమును నడపిన లాజ్లో బాక్ 2013లో, చిక్కుప్రశ్నలు ఉద్యోగములో రాణింపును సూచింపజాలవనియు, అవి కేవలము కాలవ్యయమనియు నిస్సంకోచముగా ప్రకటించెను. నాలుగు ఇంటర్వ్యూలకు మించి జరుపుటవలన లాభము స్వల్పమనియు ఆ సంస్థ లెక్కలలో తేలెను. తమ ఆచారమును తామే తూచి, తక్కువ తూగినదని చెప్పుకొనగలిగిన సంస్థలు కొన్నియే. అందరిని ఒకే ప్రశ్నలడిగి, ఒకే ప్రమాణముతో మార్కులు వేయు క్రమబద్ధమైన ఇంటర్వ్యూకే 2022లో ఎంపిక పద్ధతులను పోల్చిన సాకెట్ మొదలగువారి పరిశోధనలో ప్రథమస్థానము లభించెను.

చిక్కుప్రశ్నలు తొలగిన చోట కోడింగ్ సమస్యలు నిలిచినవి. గేల్ లాక్‌మన్ మెక్‌డోవెల్ వ్రాసిన కోడింగ్ ఇంటర్వ్యూ గ్రంథపు ఆరవ ముద్రణము (2015) 189 సమస్యలతో వెలువడెను. డీఎస్ఏ (డేటా స్ట్రక్చర్లు, అల్గారిథములు) అను మాట హైదరాబాదు హాస్టళ్ళలో నిత్యవ్యవహారమైనది. అనుభవము లేని కాలమునకై పుట్టిన కొలబద్ద, పదిపదునైదేండ్లు పెద్ద వ్యవస్థలను నడిపినవారికిని వర్తించుచునే యున్నది. 2020లో ఉత్తర కరొలినా స్టేట్ విశ్వవిద్యాలయము, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థులపై జరిపిన ప్రయోగమున, ఒకరు చూచుచుండగా బోర్డుపై వ్రాసినవారి ఫలితము, ఏకాంతమున వ్రాసినవారి ఫలితములో సగమునకు తక్కువయ్యెను.

సీనియర్ అభ్యర్థుల విషయమున సిస్టమ్ డిజైన్ రౌండు, అనుభవమును లెక్కింపని ఈ లోపమును కొంత సరిదిద్దినది. లక్షలమంది ఒక్కమారుగా వాడు సేవను నిర్మింపుమని యడిగి, డేటాను ఏ ప్రాతిపదికపై విభజింతువు, ఒక సర్వరు పడిపోయినచో ఏమగును, తాజా సమాచారము కావలెనా, ఎల్లవేళల అందుబాటు కావలెనా అని చర్చింతురు. దీనికి ఏకైక సమాధానము లేదు, కారణములు చెప్పగలవాడే గెలుచును. అమెజాన్ డేటా నిల్వ వ్యవస్థను వర్ణించు డైనమో పత్రము (2007), మార్టిన్ క్లెప్‌మన్ వ్రాసిన డేటా వ్యవస్థల గ్రంథము (2017) ఇందుకై అభ్యర్థులు పఠించెడివి. సహోద్యోగితో భేదించిన సందర్భమును, తన పొరపాటును వర్ణింపుమను రౌండు మరియొకటి. అమెజాన్‌లో ఇందుకు పదునారు నాయకత్వ సూత్రములు కలవు. 1999 నుండి బార్ రైజరు అను బయటి జట్టువాడు కూర్చుండి, అయోగ్యుని ప్రవేశమును నిరోధించుటకు అధికారము కలిగి యున్నాడు.

2020 నుండి రౌండ్లు ఎక్కువగా వీడియోకు మారినవి. కృత్రిమ మేధ సహాయముతో దొంగచాటుగా సమాధానములు చెప్పుట ప్రబలగా, కనీసము ఒక రౌండైనను ముఖాముఖిగా జరుగవలెనని 2025లో గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ వెల్లడించెను.